గుడి గడప దాటని నీలి శాలువా

పేరు: ఎదెల్మీరా మొరోచో. వయసు: డెబ్బై ఎనిమిది సంవత్సరాలు. అవివాహిత. నివాసం: లోమా పిందో గ్రామం, గుడి వెనక వీధి. ఈ లేఖకుడు ఆమెను ఎరిగిన కాలం: యాభై ఒక్క సంవత్సరాలు.

యాభై ఏళ్లకు తక్కువ కాకుండా పిల్లలకు సత్యోపదేశం చెప్పిన ఉపదేశులకు పతకం బహూకరించదలచినట్టు, అందుకు తగినవారి జీవిత వివరాలు పంపవలసినట్టు బిషప్పు మేత్రాణుల వారి కార్యాలయం నుంచి గత నెలలో మా గుడి విచారణ గురువులకు ఉత్తరం వచ్చింది. ఉత్తరాలకు నకళ్లు తీయడం, జవాబులు శుభ్రంగా తిరగరాయడం ఈ లేఖకుడి పని. కాబట్టి ఆ వివరాల కోసం ఆమె ఇంటికి వెళ్లడం జరిగింది. ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంది:

"రాయండి దోన్ అబెలార్దో. కానీ మంచి ఒక్కటే ఏరి రాసేట్టయితే కాగితం దండగ. తర్హేలియా సంగతి లేకుండా నా గురించి రాస్తే, అది ఇంకెవరి గురించో రాసినట్టే."

అందువల్ల కింది వృత్తాంతం ఆమె కోరిన ప్రకారం, ఆమె చెప్పినదీ ఊరు చూసినదీ కలిపి, దాపరికం లేకుండా రాయడమైనది.

ఎదెల్మీరా తొమ్మిదో ఏట తల్లిని పోగొట్టుకొని పినతల్లి ఫిలొమేనా ఇంట పెరిగింది. ఆ పినతల్లి ఈ ఊరి గుడిలోని సందర్శన మాత విగ్రహానికి వస్త్రధారణ చేసే మనిషి. మాత బట్టల పెట్టె తాళం చెవి ఆమె మెడలో జపమాలతో పాటు వేలాడేది. పండుగకు ముందు గుడి తలుపులు మూసి, మగవాళ్లందరినీ, గురువుతో సహా, బయటికి పంపి, ఆమె ఒక్కతే మాతకు బట్టలు మార్చేది. సాయం చేయడానికి ఎదెల్మీరాను లోపలికి తీసుకుపోయిన మొదటిసారి, పట్టుపావడా తొలగించగానే ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. ముఖం, రెండు చేతులు మాత్రమే చెక్కి ఉన్నాయి. నడుము కింద నాలుగు చెక్కలు, వాటిని కలిపే మేకులు, అంతే.

"పిన్నీ, మరియమ్మకి కాళ్లు లేవు."

"గట్టిగా అరవకు. చెక్కినవాడు పెట్టలేదు. అందుకే ఆమె వెళ్లాల్సిన చోటికి మనమే తీసుకెళ్లాలి," అంది ఫిలొమేనా, నోట్లో గుండుసూదులు పెట్టుకొనే.

ఆ తీసుకెళ్లే పద్ధతి ఈ కొండల్లో అందరికీ తెలిసినదే. కాన్పు కష్టమైన ఇంటి నుంచి ఒక ఆడమనిషి వచ్చి అడిగితే, వస్త్రధారణ చేసే ఆమె పెట్టె తెరిచి మాత నీలి శాలువాను తెల్లగుడ్డలో చుట్టి ఇస్తుంది. వచ్చినామె దాన్ని గుండెకు హత్తుకొని, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా పోయి నొప్పులు పడుతున్న తల్లి కడుపు మీద కప్పుతుంది. కాన్పయ్యాక చేతులు కడుక్కొని, మడతపెట్టి, గుప్పెడు కార్నేషన్ పూలతో తెచ్చి అప్పగిస్తారు. అడగటం, ఇవ్వటం, తిరిగి తేవటం. ఫిలొమేనా కాలంలో దీనికి ఇంతకు మించిన నియమం లేదు.

ఇరవై ఆరో ఏట ఎదెల్మీరా మెడలోకి ఆ తాళం చెవి వచ్చింది. అంతకు కొద్ది ముందే శనివారం మధ్యాహ్నాలు పిల్లలకు సత్యోపదేశం చెప్పడం మొదలుపెట్టింది. ఇందులో ఆమె కష్టాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. గురువులు నెలకొకసారి గుర్రం మీద వచ్చే ఆ రోజుల్లో ఈ ఊరి పిల్లలకు శిలువ గుర్తు వేసుకోవడం నేర్పింది ఆమే. పిన్ని చేతిరాతలో ఉన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఒక్కటే ఆమె ఆస్తి. దాన్నే ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చెప్పించేది.

"సువార్తలెన్ని?"

"నాలుగు."

"ఎవరెవరు రాశారు?"

"మత్తయి, మార్కు, లూకా, యోహాను."

"మరి యేసులు నలుగురా?"

కొత్తగా వచ్చిన పిల్లలెవరో ఒకరు ఎప్పుడూ "నలుగురే" అనేవారు. మిగతావాళ్లు పకపకా నవ్వేవారు. ఎదెల్మీరా మాత్రం నవ్వేది కాదు.

"ఒక్కరే. నలుగురు నాలుగు కిటికీల్లోంచి ఒక్కరినే చూసి రాశారు. ఆయన దేవుడా, మనిషా?"

"నిజమైన దేవుడు, నిజమైన మనిషి."

"మరియమ్మ దేవుడా?"

"కాదు. దేవుని తల్లి. ఆమెను ఆరాధించం, గౌరవిస్తాం. మన కోసం తన కుమారుణ్ణి వేడుకుంటుంది."

ఆ జవాబును ఊపిరి తీసుకోకుండా, ఒక్క మాట తప్పకుండా చెప్పగలిగిన పిల్లల్లో మొదటిది తర్హేలియా చింబో. గడ్డిటోపీలు అల్లే నతివిదాద్ కూతురు. ఎనిమిదేళ్లకే పుస్తకమంతా దానికి కంఠస్థం. ఎదెల్మీరా ఒకసారి గురువుల ముందు నిలబెట్టి, "ఈ పిల్ల నా తర్వాత పెట్టె తాళం మోస్తుంది ఫాదర్" అన్నది కూడా. ఆ పిల్ల పెరిగి పదిహేడో ఏట, లారీ తోలే లిజార్దో అనే అతనితో పెళ్లి లేకుండా వెళ్లిపోయింది. లిజార్దోకు అంతకుముందే తీరప్రాంతంలో గుడిలో పెళ్లయిన భార్య ఉండేది. మూడేళ్లకు ఇద్దరూ తిరిగి వచ్చి నతివిదాద్ ఇంట్లోనే కాపురం పెట్టారు. ఆ రోజు నుంచి ఎదెల్మీరా ఆ ఇంటి ముందు నుంచి పోవడం మానేసి చుట్టుదారి పట్టింది. తర్హేలియాను గురించి ఎవరైనా అడిగితే, "నేను నేర్పిన పిల్ల కాదు" అనేది.

నియమం కూడా ఆ కాలంలోనిదే. ఒక కాన్పు ఇంటి నుంచి శాలువా అంచు కాలి తిరిగొచ్చింది. కొవ్వొత్తి దగ్గరగా పెట్టారట. ఎదెల్మీరా మూడు రోజులు కూర్చొని ఆ అంచు కుట్టి, నాలుగో రోజు మాత సంఘం పెద్దల ముందు నిలబడింది. ఇకమీదట శాలువా గుడిలో పెళ్లయిన స్త్రీకి మాత్రమే ఇవ్వాలి. తీసుకుపోవడానికి వచ్చినామె మరియమ్మను గురించి మూడు ప్రశ్నలకు తప్పు లేకుండా జవాబు చెప్పాలి. పెద్దలందరూ తలూపారు. ఆ ఏడు పర్యటనకు వచ్చిన నాటి మేత్రాణుల వారి ముందు సంఘం పుస్తకం పెడితే, వారు మిగతా పేజీలతో పాటు ఆ పేజీ మీదా సంతకం చేశారు. ఆ నియమాన్ని ఎర్రసిరా గీతల మధ్య, పొల్లు పోకుండా, మంచి దస్తూరీలో రాసింది ఈ లేఖకుడే. రాస్తున్నప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు, జూన్ నెలలో, ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది ఇది. పండుగ మూడు వారాల్లోకి వచ్చింది కాబట్టి ఎదెల్మీరా పిల్లలకు సందర్శన పాఠం చెబుతోంది. గాబ్రియేలు దూత వచ్చి వెళ్లాక మరియమ్మ ఎవరింటికి వెళ్లింది? ఎలిశబేతమ్మ ఇంటికి. ఎలిశబేతమ్మకు ఎన్నో నెల? ఆరో నెల. ఎన్నాళ్లుంది? మూడు నెలలు. ఈ కథ ఏ సువార్తలో ఉంది? లూకా.

నతివిదాద్ వాకిట్లో వచ్చి నిలబడింది. పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చేతిలో సగం అల్లిన టోపీ అలాగే ఉంది. కింద పెట్టి రావాలని కూడా తోచలేదన్నమాట.

"దోన్యా ఎదెల్మీరా, పాఠం మధ్యలో వచ్చాను, ఏమనుకోకండి. మా తర్హేలియాకి పొద్దుట్నించి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటోంది ఒర్తెన్సియా అవ్వ. శాలువా ఇప్పించండమ్మా."

"నియమం నీకు తెలుసుగా నతివిదాద్."

"తెలుసు. అయినా అడగటానికే వచ్చాను."

"అతనితో పెళ్లి కాలేదు."

"ఎలా చేయమంటారు, ఆ మొదటిది చావదు, విడవదు. అదంతా తర్వాత తిడుదురుగాని. నేను గడప బయట నిలబడి మీ తిట్లన్నీ తింటాను, ఇప్పుడు మాత్రం పెట్టె తెరవండి."

ఎదెల్మీరా మెడలోని తాళం చెవి పట్టుకొంది. తెరిచే ఉద్దేశం అప్పుడు తనకు ఉండిందని ఆమె ఇప్పటికీ చెబుతుంది. కానీ పెళ్లి విషయంలో సడలిస్తున్నప్పుడు రెండో షరతైనా నిలబెట్టకపోతే పిల్లల ముందు నియమానికి విలువేముంటుందని అనిపించింది.

"సరే. మరియమ్మ ఎవరు? చెప్పు."

"నన్నా? ఈ పిల్లల ముందా?"

"ఎవరైనా ఒకటే. చెప్పు."

నతివిదాద్ చిన్నతనంలో బడికి గానీ సత్యోపదేశానికి గానీ పోయిన మనిషి కాదు. టోపీ గడ్డిపోచలు వేళ్లకు చుట్టుకుంటూ పిల్లల వైపు చూసింది. ముందు వరసలోని పిల్ల ఒకతి పెదాలు కదిలించి, "దేవుని తల్లి, దేవుని తల్లి" అని అందించబోయింది. ఎదెల్మీరా బల్ల మీద బెత్తంతో కొట్టింది.

"నోరు మూసుకో సెలేనా. ఆమెను చెప్పనీ."

"మరియమ్మంటే..." నతివిదాద్ ఆగింది. "మరియమ్మంటే వచ్చే తల్లి. పిలిస్తే వచ్చే తల్లి. నాకింతే తెలుసమ్మా."

పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదెల్మీరా తాళం చెవి వదిలేసింది.

"అది జవాబు కాదు. జవాబు పుస్తకంలో ఉంది. నీ కూతురికి వచ్చు, దాన్నడిగి నేర్చుకొని రా."

"అది నోరు తెరిచే స్థితిలో లేదు."

"అయితే ప్రార్థన చేద్దాం. పిల్లలూ, లేవండి. తర్హేలియా కోసం మూడు మంగళవార్త జపాలు."

పిల్లలు లేచి జపం మొదలుపెట్టారు. మూడోది పూర్తయ్యేసరికి వాకిట్లో నతివిదాద్ లేదు. గడపలో గడ్డిపోచలు రెండు రాలి ఉన్నాయి. ఎదెల్మీరా వాటిని ఊడ్పించి పాఠం కొనసాగించింది.

బిడ్డ సాయంత్రానికి చనిపోయి పుట్టాడు. జ్ఞానస్నానం లేని బిడ్డ కాబట్టి ఆ కాలపు వాడుక ప్రకారం శ్మశానం గోడకు అవతల, బ్రహ్మజెముళ్ల పక్కన పాతిపెట్టారు. లిజార్దో ఒక్కడే తవ్వాడు. రెండు రోజుల తర్వాత మంత్రసాని ఒర్తెన్సియా అవ్వ చుట్ట కాలుస్తూ ఎదెల్మీరా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను నిందించటానికి రాలేదులే, భయపడకు," అంది. "ఆ గుడ్డ కప్పితే బిడ్డ బతికేవాడని నేను అబద్ధం చెప్పను. నలభై ఏళ్లుగా కాన్పులు చేస్తున్నాను. అడ్డం తిరిగిన బిడ్డని ఎన్ని శాలువాలు కప్పినా తిప్పలేం."

"మరెందుకొచ్చావు?"

"ఆ పిల్ల మూడుసార్లు అడిగింది. 'వచ్చిందా అవ్వా?' అని. మొదటిసారి వాళ్లమ్మ దారిలో ఉందన్నాను. రెండోసారి వస్తోందన్నాను. మూడోసారికి నతివిదాద్ ఒట్టి చేతుల్తో గుమ్మంలో నిలబడి ఉంది. ఇంక నేనేం చెప్పను? ఆ తర్వాత ఆ పిల్ల అరవలేదు. నొప్పులకి కూడా అరవలేదు. అది నేనొక్కదాన్నే మోయలేక నీకు కూడా చెబుదామని వచ్చాను. నువ్వు చదువుకున్నదానివి, నీకేమైనా అర్థమవుతుందేమో."

ఎదెల్మీరాకు ఆ రోజు ఏమీ అర్థం కాలేదు. తాను నియమం తప్పలేదనే అనుకొంది. తర్వాతి నెల గురువులు వచ్చినప్పుడు చెబితే, వారు కూడా ఆమె తప్పేమీ లేదన్నారు.

అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. అప్పటికి విచారణ గురువులు మారారు. కొత్తగా వచ్చిన ఫాదర్ నికానోర్, పూజలో గ్రంథపఠనాలు ఊరివాళ్లే చదవాలన్నారు. సందర్శన పండుగ నాటి ఉదయం సువిశేషం తాము చదవవలసి ఉన్నా, గొంతు పూర్తిగా పోవడంతో, ఆ ఒక్కసారికి ఎదెల్మీరాను చదవమన్నారు. ఎన్నో ఏళ్లుగా తాను చెబుతున్న పాఠమే కదా అని ఆమె ముందుగా చూసుకోకుండానే పీఠం దగ్గరికి వెళ్లింది. కానీ ఆమెకు సువార్తలు ప్రశ్నలుగా, జవాబులుగా తెలుసు తప్ప, వరసగా రాసి ఉన్న కథగా చదివిన అలవాటు లేదు. ఆ రోజుల్లో మరియమ్మ లేచి యూదయలో కొండల మధ్య ఉన్న ఒక ఊరికి త్వరగా వెళ్లిందని అక్కడ ఉంది. ఎవరింటికి వెళ్లింది, ఎన్నాళ్లుంది అన్నవి పిన్ని పుస్తకంలో ఉన్నాయి. ఎలా వెళ్లిందో ఆ పుస్తకంలో లేదు.

ఆమె "త్వరగా" అన్న మాట దగ్గర ఆగిపోయింది. జనం కళ్లజోడు మరిచిపోయిందనుకున్నారు. గుసగుసలు మొదలయ్యాయి. వేదిక మీద సందర్శన మాత పట్టుపావడా కింద నాలుగు చెక్కల మీద నిలబడి ఉంది. ఆ కథలో ఎవరూ మరియమ్మను పిలవలేదు. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. పైగా ఒంటరిగా వెళ్లలేదు. అప్పటికే ఆమె గర్భంలో కుమారుడు ఉన్నాడు. ఆ తల్లిని గడప దగ్గర ఆపినవాళ్లు ఆమె మోస్తున్నవాణ్ణి కూడా ఆపినట్టే. ఇదంతా ఎదెల్మీరా తర్వాత ఈ లేఖకుడికి చెప్పిన మాట. ఆ క్షణాన మాత్రం ఆమె పుస్తకం మూసేసి, సువిశేషం పూర్తి చేయకుండానే మెట్లు దిగింది. ఫాదర్ నికానోర్ బొంగురు గొంతుతోనే మిగతాది చదివారు.

ఆ మధ్యాహ్నమే ఆమె పాపసంకీర్తనానికి వెళ్లింది. గురువులు విన్నారు.

"ఇది పాపం కన్నా పొరపాటు అనాలి, అమ్మా."

"పాపమైతే ఇక్కడ పోతుంది ఫాదర్. పొరపాటు ఎక్కడికి పోతుంది?"

ఆయన పాపవిమోచనం చెప్పి, ఆ ఇంటికి వెళ్లి మాట్లాడమన్నారు. ఎదెల్మీరా వెళ్లలేదు. నెలలు, తర్వాత ఏళ్లు గడిచాయి. ఎంత ఆలస్యమైతే అంత కష్టమైంది. తర్హేలియా గుడి ముందు కూడలిలో ఉడికించిన మొక్కజొన్న, వేయించిన పందిమాంసం అమ్మేది. పూజ అయ్యాక ఊరంతా ఆమె దగ్గరే తినేది. ఆమె మాత్రం ఏనాడూ గుడి మెట్లెక్కలేదు. ఎదెల్మీరా ప్రతి ఆదివారం ఆమె దగ్గర ఒక ఆకు పొట్లం కొని, మాట్లాడకుండా డబ్బిచ్చి, ఇంటికి తెచ్చుకొని, సగం తిని సగం పక్కింటి కుక్కకు పెట్టేది. పందిమాంసం ఆమె ఒంటికి పడదు. ఇరవై ఏళ్లకు పైగా ఆమె క్షమాపణ అడిగిన తీరు ఇదొక్కటే.

నియమం తీసేయమని సంఘం పెద్దల్ని రెండుసార్లు అడిగింది. మొదటిసారి నవ్వారు.

"నువ్వే పెట్టించావు, నువ్వే తీసేయమంటావా? మేత్రాణుల వారి సంతకం ఉన్న పేజీ అది. మేం ముట్టుకుంటే మమ్మల్నేమంటారు?"

రెండోసారి నవ్వలేదు. సంతకం చేసిన హోదాలో ఉన్నవారే కొట్టేయాలి తప్ప తమకు అధికారం లేదన్నారు. మేత్రాణుల వారికి రాయిద్దామని ఈ లేఖకుడితో ఒకసారి అంది. పెద్దల సంతకాలు లేకుండా అలాంటి ఉత్తరం పంపడం పద్ధతి కాదని ఈ లేఖకుడు జవాబిచ్చాడు. ఆ జవాబు గుర్తుకొచ్చినప్పుడల్లా చింతగానే ఉంటుంది.

నిజానికి నియమాన్ని అమలు చేయవలసిన అవసరం కూడా రాలేదు. నతివిదాద్‌కు జరిగింది కొండ మీది ఊళ్లన్నిటికీ పాకింది. ఆ తర్వాత ఒక్క ఆడమనిషి కూడా శాలువా కోసం రాలేదు. ఏటా పండుగకు ఎదెల్మీరా దాన్ని తీసి, మాత భుజాల మీద వేసి, పండుగ అయ్యాక కర్పూరం బిళ్లలతో మడిచి పెట్టేది. ఇరవై ఆరేళ్లు అది గుడి గడప దాటలేదు. నతివిదాద్ పన్నెండేళ్ల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. చనిపోయే ముందు చూడటానికి వెళ్లాలని ఎదెల్మీరా కొత్త పైగుడ్డ కప్పుకొని బయల్దేరింది. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

పోయిన ఏడాది మార్చిలో వానలకు కొండచరియ విరిగిపడి పట్నం రోడ్డు మూసుకుపోయింది. ఆ మంగళవారం ఉదయం రొట్టెల అంగడి దగ్గర ఎదెల్మీరా చెవిన ఒక మాట పడింది. తర్హేలియా తర్వాత కన్న కూతురు, లుక్రేసియా, నొప్పులు పడుతోందట, ఆరోగ్య కేంద్రం నర్సు రోడ్డుకు అవతలి వైపు చిక్కుకుపోయిందట. ఎదెల్మీరా రొట్టెలు అక్కడే వదిలేసి గుడికి వెళ్లి పెట్టె తెరిచింది. శాలువా తెల్లగుడ్డలో చుట్టి గుండెకు హత్తుకొని కొండ ఎక్కింది. డెబ్బై ఏడేళ్ల మనిషి. దారిలో పలకరించినవాళ్లకు జవాబు చెప్పలేదు, వాడుక ప్రకారం. ఒకచోట బురదలో మోకాళ్ల మీద పడింది, మూట మాత్రం తడవనివ్వలేదు.

తర్హేలియా గుమ్మంలో నిలబడి ఉంది. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. చేతులకు వేడినీళ్ల ఆవిరి.

"ఏంటి దోన్యా, దారి తప్పారా?"

"శాలువా తెచ్చాను."

"మేం అడగలేదే."

"అడగలేదు."

"మా లుక్రేసియాకి కూడా పెళ్లి కాలేదు. ముందే చెబుతున్నా, తర్వాత మెట్లు దిగేటప్పుడు తిట్టుకోకండి."

"తెలుసు."

"మరి ప్రశ్నలు? ఎవరిని నిలబెడతారు? అమ్మ లేదుగా. నన్నడగండి, నాకింకా వచ్చు. దేవుని తల్లి, ఆమెను ఆరాధించం, గౌరవిస్తాం, మన కోసం తన కుమారుణ్ణి వేడుకుంటుంది. చాలా? ఇంకో రెండు చెప్పనా?"

లోపల్నుంచి పిల్ల మూలుగు వినిపించింది. ఎదెల్మీరా మూట ముందుకు చాచింది.

"మీ అమ్మ చెప్పిందే సరైన జవాబు తర్హేలియా. వచ్చే తల్లి అంది. నాకు తెలియలేదు."

తర్హేలియా తడి చేతులు పావడాకు తుడుచుకొంది.

"ఆ మాట మా అమ్మ బతికుండగా వచ్చి చెప్పాల్సింది," అంది నెమ్మదిగా. "ఆ నవ్విన పిల్లలెవరో కూడా ఆమెకు చివరిదాకా గుర్తే. టోపీ అల్లుతూ అల్లుతూ ఆగి, 'ఏం తప్పు చెప్పానే నేను?' అని అడిగేది నన్ను. ఏం చెప్పమంటారు?"

తర్హేలియా మూట అందుకొంది. "మీరు లోపలికి రాకండి. అక్కడ కూర్చోండి," అని వాకిట్లో రాయి చూపించింది. కాసేపటికి ఎవరో ఒక ఆడమనిషి వచ్చి దాల్చినచెక్క వేసిన వేడి పానకం గిన్నె ఒకటి ఆమె పక్కన పెట్టి వెళ్లింది. ఎవరు పంపారో చెప్పలేదు. మధ్యాహ్నం మూడు దాటాక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. ఎదెల్మీరా లేచి, గోడ పట్టుకొని, ఎవరికీ చెప్పకుండా కొండ దిగింది.

వారం తర్వాత తర్హేలియా శాలువా తెచ్చింది. గుడి మెట్లెక్కలేదు, ఎదెల్మీరా ఇంటికి వచ్చింది. శుభ్రంగా మడత పెట్టి ఉంది. పూలు లేవు. ఎదెల్మీరా ఆ సంగతి గమనించనట్టే అందుకొని, మెడలోని తాళం చెవి తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు మోస్తావని నీకు ఎనిమిదేళ్లప్పుడు గురువుల ముందు చెప్పాను. నేనింక నిచ్చెన ఎక్కలేను. మాతకి బట్టలు మార్చటానికి చేతులు పైకి లేవట్లేదు."

"ఆ పుస్తకంలో రాసింది అలాగే ఉందిగా?"

"ఉంది."

"నాకూ లిజార్దోకూ పెళ్లయి తొమ్మిదేళ్లయింది, మీకు తెలుసా? ఆ మొదటిది చచ్చాక పట్నంలో చేసుకున్నాం, చిన్న గుడిలో. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రాత ప్రకారం నేను యోగ్యురాలినవుతాను. అప్పుడు మా అమ్మ అయోగ్యురాలిగానే మిగిలిపోతుంది." ఆమె తాళం చెవిని చూసింది, ముట్టుకోలేదు. "ముందు ఆ రాత కొట్టేయించండి దోన్యా. తర్వాత చూద్దాం. అప్పటికి మీరుంటే."

గత జూలై పండుగకు ఎదెల్మీరా కుర్చీలో కూర్చొని చెబుతుంటే వేరే స్త్రీలు మాతకు బట్టలు మార్చారు. శాలువా ఎడమవైపు జారి ఉండిపోయింది. తాళం చెవి ఇప్పటికీ ఆమె ఇంట్లో ఆ బల్ల మీదే, పెట్టిన చోటే ఉంది. వైద్యుడు ఆమె గుండె బలహీనమైందని, కొండలు ఎక్కరాదని చెప్పాడు. వివరాలు చెప్పడం ముగిశాక, పతకం సంగతి ఏం రాయాలని అడిగితే, "పతకం నా మెడలో వేస్తే తాళం చెవి ఎక్కడ పెట్టుకోను?" అని కొంచెం నవ్వి, తర్వాత ముఖం పొయ్యి వైపు తిప్పుకొంది.

కాబట్టి, ఘనత వహించిన మేత్రాణుల వారి సమక్షానికి, పైన పేర్కొన్న ఎదెల్మీరా మొరోచో తరఫున సవినయంగా విన్నవించుకొనేది ఏమనగా: ఆమె పేరు పతకం జాబితాలో చేర్చవద్దని, దానికి బదులుగా, లోమా పిందో సందర్శన మాత సంఘం పుస్తకం నలభై ఒకటో పేజీలో, శాలువా ఇవ్వడానికి విధించిన రెండు షరతులను తమ చేతితో కొట్టివేసి, కింద సంతకం చేయవలసిందని, ఆ పేజీ అంచున, నతివిదాద్ చింబో అనే స్త్రీ ఒకానొక శనివారం అడిగిందని, ఆమె చెప్పిన జవాబు సరైనదేనని ఒక వాక్యం రాయడానికి అనుమతించవలసిందని, వచ్చే జూలై రెండో తేదీ పండుగకు ముందే ఈ పని జరిగేలా దయచేయవలసిందని. వాక్యం రాయడానికి అనుమతి లభిస్తే, ఆ షరతులను మొదట రాసిన చేతితోనే దాన్నీ రాయనివ్వవలసిందిగా, విడిగా, ఈ లేఖకుడి తరఫున కూడా ప్రార్థన. సంఘం పుస్తకం ఈ ఉత్తరంతో పాటు జతచేసి పంపడమైనది.